డాబాకి ఏది మేలు: సున్నమా, కూల్ రూఫ్ పెయింటా, తెల్ల టైల్సా?

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 గజాలు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్లకు కూల్ రూఫ్‌ను, అంటే ఎండను తిప్పికొట్టి ఇంటిని చల్లగా ఉంచే పైకప్పును, తప్పనిసరి చేసింది. ఆ లోపువాళ్లకు మీ ఇష్టం అంది. హైదరాబాద్ బస్తీల్లో, కాలనీల్లో ఎటు చూసినా 100, 150 గజాల ఇళ్లే. అంటే ఎండకు ఉడికిపోయేవాళ్లలో ఎక్కువమంది ఆ రూలు బయటే ఉన్నారు. ఏది వేయించాలో వాళ్లే తేల్చుకోవాలి.

ముందు ఒక సంగతి. నీళ్లు కారకుండా వేసే పూత వేరు, వేడి తగ్గించేది వేరు. షాపువాడు ఎర్రదో బూడిదరంగుదో అంటగడితే లీకేజీ ఆగుతుందేమో గానీ, స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి గదిలోకి వదలడం ఆగదు. డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ (SRI) అంకె వెతకండి. ఎండను ఎంత తిప్పికొడుతుంది, పట్టిన వేడిని ఎంత త్వరగా వదిలేస్తుంది అన్న రెండూ కలిపిన లెక్క అది. అంకె లేకపోతే తీసుకోకండి.

అన్నిటికంటే చవక సున్నం. గుల్ల సున్నాన్ని రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, జిగురు కలిపి రెండు కోట్లు కొట్టాలి. నీళ్లు పోయగానే అది సలసల కాగుతుంది కాబట్టి ప్లాస్టిక్ బకెట్ వద్దు, కళ్లు జాగ్రత్త. కొత్తలో తెల్లదనానికి లోటుండదు. నాలుగు పెద్ద వానలు పడ్డాయా, సగం పోతుంది. అద్దెకుండేవాళ్లకు, ఈ ఒక్క వేసవి గట్టెక్కితే చాలనుకునేవాళ్లకు ఇదే సరి.

సొంతిల్లయితే మా ఓటు పెయింటుకే. 1,000 చదరపు అడుగుల డాబాకి రెండు కోట్లకు సుమారు 40 లీటర్లు పడుతుంది. పాత గరుకు సిమెంటయితే ఇంకా తాగుతుంది. పాడయ్యేది చాలావరకు పెయింటు వల్ల కాదు, తొందర వల్ల. నాచు మీదే రోలరు తిప్పేస్తే పొరలు పొరలుగా లేస్తుంది. స్లాబులో తడి ఉండగా వేస్తే ఎండకు ఆవిరి పైకి తన్ని బుడగలొస్తాయి. వైరు బ్రష్‌తో గీకి, కడిగి, రెండు రోజులు ఆరనిచ్చి, పగుళ్లు, పిట్టగోడ మూలలు పూడ్చాకే మొదటి కోటు. రెండోది దానికి అడ్డంగా వేయాలి. మిట్టమధ్యాహ్నం వేస్తే పైన తోలు కట్టి లోపల పట్టదు. పొద్దున్నే మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించండి. నీళ్లు నిలిచే చోట ఏ పెయింటూ ఆగదు, ముందు వాలు సరిచేయించాలి. మన దుమ్ముకి ఏడాదిలోనే మసకబారుతుంది. ఏటా ఫిబ్రవరిలో ఒకసారి కడిగితే మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది. సోలార్ పెట్టించే ఆలోచన ఉంటే స్టాండు బిగించకముందే పూత పూర్తిచేయండి, తర్వాత ప్యానెళ్ల కిందికి రోలరు దూరదు.

తెల్ల టైల్స్ పదేళ్లకు పైగా నిలుస్తాయి, రంగూ పోదు. కానీ కింద రెండంగుళాల సిమెంటు మాలు వేస్తే ఒక్కో చదరపు మీటరు మీద దాదాపు 100 కిలోల బరువు. ముప్పై ఏళ్ల స్లాబు మీద ఇంజనీరుకు చూపించకుండా మేస్త్రీ మాట మీద వేయించకండి. సందులు సరిగా పూడకపోతే నీళ్లు కిందికి దిగి ఎక్కడ కారుతోందో కూడా తెలియదు. వాటర్‌ప్రూఫింగ్ ఎటూ తవ్వి కొత్తగా చేయిస్తున్నప్పుడే టైల్స్ లాభం.

రేకుల ఇంటికి టైల్స్ ఊసే లేదు, పెయింటో, పైన పరిచే తెల్ల ప్లాస్టిక్ షీటో. 2017లో జీహెచ్‌ఎంసీ, ఆస్కీ (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ), ట్రిపుల్ ఐటీ కలిసి నగరంలోని పేదల ఇళ్ల కప్పుల మీద తెల్ల షీటు పరిచి చూస్తే లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. సిమెంటు రేకుల్ని మాత్రం వైరు బ్రష్‌తో గీకకూడదు, ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. తడిపి మెత్తటి చీపురుతో తోస్తే చాలు. రేకు మీద నేరుగా అడుగు వేయకుండా, కింద పైపు ఉన్న వరసలో పలక వేసుకుని దాని మీద కూర్చుని పని చేయాలి.