జంతుప్రదర్శనశాలా, అభయారణ్యమా?

ఆవరణలో ఒకే గీత మీద గంటల తరబడి అటూ ఇటూ తిరిగే పులిని చూసినప్పుడల్లా నాకు జూల మీద కోపం వస్తుంది. ఆ నడక బందిఖానా నేర్పిన అలవాటు. అడవిలో మగపులి పదుల చదరపు కిలోమీటర్ల మేర తిరుగుతుంది. ఎంత విశాలమైన ఆవరణ అయినా దాని ముందు ఇరుకే. స్వేచ్ఛ విషయంలో అభయారణ్యానికి సాటి లేదు.

అయినా జూలను మూసేయమనడానికి నాకు నోరు రాదు. కారణం అరేబియన్ ఓరిక్స్. వేటగాళ్ల దెబ్బకు 1972 నాటికి ఈ తెల్లని ఎడారి జింక సహజ ఆవాసంలో కనుమరుగైంది. అంతకుముందే అమెరికాలోని ఫీనిక్స్ జూలో కొన్నింటిని చేర్చి మందగా పెంచారు. ఆ సంతతి 1982లో ఒమన్ ఎడారిలో మళ్లీ అడుగుపెట్టింది. ఆ వార్త చదివిన రోజు నా కళ్లు చెమర్చాయి.

కానీ అక్కడ ఏం జరిగిందో కూడా చెప్పాలి. 1996లో 450 ఉన్న ఓరిక్స్‌లు దొంగవేట వల్ల, ఆవాసం చెడిపోవడం వల్ల 2007 నాటికి 65కు పడిపోయాయి. ఒమన్ ప్రభుత్వం అక్కడి ఓరిక్స్ అభయారణ్య విస్తీర్ణాన్ని 90 శాతం కుదించింది; యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తొలగించింది. కంచె లేని చోటు కూడా కాపలా లేకపోతే ప్రాణాంతకమే.

పిల్లలకు చూపించడం కోసం బంధించాలనే వాదన నన్ను ఒప్పించదు. ఏనుగులు, ధ్రువపు ఎలుగుబంట్లు జూలలో ఉండకూడదు. అంతరించే అంచున ఉండి, తిరిగి అడవికి చేర్చే పథకం ఉన్న జీవులకైతే జూనే కోరుకుంటాను.