కోకో రైతుకు కరపత్రమా, పుస్తకమా, క్యాలెండరా, గోడ అట్టా: ఏది మేలు?

కొబ్బరిలో కోకో వేసిన ఊళ్ల నుంచి, ముఖ్యంగా రైతు ఉత్పత్తిదారుల సంఘాలు నడిపేవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "అచ్చు వేయించడానికి కాస్త డబ్బుంది, ఏది వేయిస్తే రైతుకు పనికొస్తుంది?" అని. 2024లో ప్రపంచ మార్కెట్లో టన్ను 12,000 డాలర్లు దాటిన కోకో, 2025లో దిగివచ్చింది. ధర ఎక్కినప్పుడు ఎలాంటి గింజైనా చెల్లిపోతుంది. దిగినప్పుడు తేమ చూస్తారు, గింజ కోసి చూస్తారు, వంక పెడతారు. మెళకువలు రైతుకు చేరాల్సిన అవసరం ఇప్పుడే ఎక్కువ.

ముందు తోటలో ఎవరు ఉంటున్నారో చూడాలి. కోనసీమలో గానీ, పశ్చిమ గోదావరి, ఏలూరు వైపు గానీ చాలాచోట్ల తోట ఒకరిది, కౌలు ఇంకొకరిది, పని మరొకరిది. కాయ కోసేదీ, కొట్టేదీ, గింజ తీసి పెట్టెలో పోసేదీ కూలీలు. ఇవాళ వచ్చిన జట్టు రేపు రాదు. సదస్సుకు వచ్చి కాగితం అందుకునేది మాత్రం ఆసామి. అది బండి కవరులోనో, ఇంట్లో బీరువా మీదో ఆగిపోతుంది. అందుకని బొమ్మలెన్ని, పేజీలెన్ని అన్నది తర్వాతి సంగతి. పని జరిగే రోజున, పని జరిగే చోట, పని చేసే మనిషి కంటికి ఆ కాగితం ఆనుతుందా లేదా? నా దృష్టిలో తేల్చేది ఇదొక్కటే.

కరపత్రం చవక. పొద్దున ఇస్తే సాయంత్రానికి అచ్చయిపోతుంది. ఈ వేగమే దాని బలం కాబట్టి, వేగం కావలసిన కబుర్లకే వాడాలి. తుఫాను తర్వాత విరిగిన కొమ్మల సంగతి, వానలకు ముందు నల్లకుళ్లు (కాయలు నల్లబడి కుళ్లే తెగులు) హెచ్చరిక, అంతే. దుక్కి నుంచి అమ్మకం దాకా ఒకే కాగితంలో కుక్కితే ఎవరూ చదవరు. పైగా చిన్న అక్షరాల్లో, పల్చటి కాగితం మీద మన వత్తులు పూడిపోతాయి. 14 పాయింట్లకు తగ్గనివ్వకండి. ఒక వైపు ఒక్కటే మాట ఉండాలి.

చిరుపుస్తకం మీద మోజు ఎక్కువ, చూడ్డానికి హుందాగా ఉంటుంది. కానీ అది తోటలోకి రాదు. పుస్తకం కావలసింది రైతు సేవా కేంద్రంలో పనిచేసేవాళ్లకు, సంఘం సిబ్బందికి, ఎందుకలా చేయాలో కారణం అడిగే కుర్రవాళ్లకు. ఊరికి నాలుగైదు ప్రతులు చాలు. వేయిస్తే పేజీలు 16, 32 ఇలా చూసుకోండి, కాగితం వృథా కాదు. మందుల మోతాదులు మాత్రం వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్లకో, అంబాజీపేట పరిశోధనా స్థానం వాళ్లకో ఒకసారి చూపించాకే అచ్చుకు పంపాలి. తప్పు అంకె పుస్తకంలో పడితే ఏళ్ల తరబడి చెలామణీ అవుతుంది.

క్యాలెండర్ నిజంగా మంచి సాధనం. నా లెక్కలో దానిది రెండో స్థానం. తిథి, వర్జ్యం, పండుగలు, పాల లెక్క రాసుకునే ఖాళీ ఉంటేనే ఇంట్లో వాళ్లు దాన్ని గోడ మీద ఉంచుతారు. అవి లేని క్యాలెండర్ సంక్రాంతి దాటేలోగా దిగిపోతుంది. అది బాగా చెప్పగలిగేది "ఎప్పుడు" అన్న మాట. ఎరువు సంగతే తీసుకోండి. మూడో ఏడు నుంచి చెట్టుకు ఏడాదికి 100 గ్రాముల నత్రజని, 40 గ్రాముల భాస్వరం, 140 గ్రాముల పొటాష్ అని సిఫారసు. వేసవి చివర సగం, సెప్టెంబరు–అక్టోబరులో సగం. దీన్ని ఇలాగే అచ్చేస్తే కూలీకి ఏమీ అర్థం కాదు. ఎకరానికి 200 మొక్కలున్న తోటకు లెక్క కడితే దఫాకు యూరియా 22 కిలోలు, సూపర్ ఫాస్ఫేట్ 25 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 23 కిలోల చిల్లర. అంటే ఒక్కోటి దాదాపు అర బస్తా. "ఎకరానికి మూడూ అర బస్తా చొప్పున, మూడూ కలిపి చెట్టుకు 350 గ్రాములు" అని రాసి, పక్కనే ఆ 350 గ్రాములు పట్టే డబ్బా బొమ్మ వేస్తే పని నడుస్తుంది. ఆ డబ్బాను మీ ఊళ్లోనే తూచి చూడండి. గుళిక ఎరువుకూ పొడి ఎరువుకూ కొలత మారుతుంది.

క్యాలెండర్ లోపమూ అక్కడే ఉంది. మే పేజీలోని మాట జూన్ ఒకటిన వెనక్కి పోతుంది. కోకో కోత ఏడాది పొడుగునా 10–15 రోజులకోసారి సాగుతూనే ఉంటుంది. కాయ ఎప్పుడు కోయాలి, గింజ ఎలా పులియబెట్టాలి అన్నవి ప్రతి నెలా కనబడాల్సిన మాటలు.

అందుకే నా ఓటు గోడ అట్టకు. ఒక్క పనికి ఒక్క అట్ట, ఆ పని జరిగే చోటే వేలాడాలి. నల్లకుళ్లుకు కొట్టే బోర్డో మందు కలిపే అట్ట డ్రమ్ము దగ్గర, పులియబెట్టే అట్ట తోట మకాంలో పెట్టె పైన.

బోర్డో అట్టకు రంగులు అక్కర్లేదు. వంద లీటర్లకు మైలుతుత్తం కిలో, సున్నం కిలో. ప్లాస్టిక్ డ్రముల్లో దేన్ని దానికి యాభై లీటర్లలో విడిగా కలపాలి. తుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి పోస్తూ కర్రతో తిప్పాలి, సున్నాన్ని తుత్తంలోకి కాదు. ఇనుప కత్తి ముంచి తీస్తే ఎర్రటి పూత పడిందంటే సున్నం చాలలేదు, ఇంకాస్త కలపాలి. లేకపోతే ఆకు మాడుతుంది. కలిపిన మందు ఆ రోజే కొట్టేయాలి. ఈ మాటలకు ఐదు గీత బొమ్మలు సరిపోతాయి. బాణం గుర్తులు పెద్దవిగా ఉండాలి. ఏ డ్రమ్ములోంచి ఏ డ్రమ్ములోకి అన్నదే అందరూ తడబడే చోటు.

కాయ కోత అట్టకు మాత్రం రంగుల ఫోటో తప్పదు. ఆకుపచ్చ కాయ పసుపుకు తిరగాలి, ఎర్ర కాయ నారింజకు తిరగాలి. నలుపు తెలుపులో ఈ ముక్క చెప్పలేం. (పాడేరు, అరకు వైపు కాఫీకి అట్టలు వేయించేవాళ్లదీ ఇదే సమస్య, పండు ఎర్రబడ్డాకే కోయాలని రంగు లేకుండా చూపించలేరు.) ఎండ తగిలే గోడకు తగిలిస్తే మొదట వెలిసేవి పసుపు, ఎరుపు సిరాలే. ఒక వేసవి గడిచేసరికి బొమ్మలో పండిన కాయ కూడా పచ్చిగా కనిపిస్తుంది. లోపలి గోడకే కట్టండి.

అన్నిటికన్నా విలువైనది పులియబెట్టే అట్ట. గింజ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే, కారణం కూడా సూటిగా కనిపిస్తుంది. నిన్న పోసిన గింజ మీద ఇవాళ కోసిన గింజ పోసేస్తారు. కింది గింజకు ఆరు రోజులయ్యేసరికి పై గింజకు ఐదే అవుతాయి. ఎండాక కోసి చూస్తే ఒకే బస్తాలో కొన్ని సరిగ్గా పులిసిన గోధుమ రంగు, కొన్ని సగమే పులిసిన ఊదా, కొన్ని పులియని పలక రంగులో ఉంటాయి. జట్టు మారిపోతుంటే పెట్టె ఎప్పుడు నింపారో ఎవరికీ గుర్తుండదు. కాబట్టి ఈ అట్ట సలహా చెప్పి ఊరుకోకూడదు, తేదీని కూడా మోయాలి.

దాన్ని ఇలా చేయించుకోవచ్చు. పై సగంలో బొమ్మలు. కాయను కత్తితో చీల్చకుండా కర్ర సుత్తితో కొట్టడం, గింజలు అంటుకుని ఉండే నడిమి మావినీ మొలకెత్తిన గింజల్నీ తీసేయడం. అడుగున చిల్లులున్న చెక్క పెట్టెలో కనీసం 50 కిలోల పచ్చి గింజ పోయడం, అంతకు తక్కువైతే వేడెక్కదు. అరటాకు, గోనె కప్పడం. 48 గంటలకు ఒకసారి, 96 గంటలకు రెండోసారి తిరగేయడం. ఆరో రోజు దాటాక తీసి ఎండబెట్టడం. తారు రోడ్డు మీద ఎండబెట్టే బొమ్మ మీద మందపాటి ఎర్ర గీతలు అడ్డంగా పడాలి. మూలన చిన్న గుర్తు పెడితే చూసేవాళ్లు అలా చేయమన్నారనే అనుకుంటారు. కింది సగంలో దారంతో కట్టిన మామూలు కాగితాల కట్ట, ఒక పెన్సిల్. ప్రతి చీటీలో నాలుగు గడులు: నింపిన తేదీ, మొదటి తిరగవేత, రెండోది, తీసిన తేదీ. పెన్ను సిరా మన చెమ్మకు పాకిపోతుంది, పెన్సిలే నయం. పని అయ్యాక ఆ చీటీ గింజతో పాటు బస్తాలోకి వెళ్తుంది. కొనేవాడు వంక పెడితే ఏ విడతలో తేడా వచ్చిందో వెంటనే తెలుస్తుంది.

లామినేషన్ మెరిసేది వద్దు, గరుకుది చేయించండి. చిల్లు వేశాక లామినేషన్ చేసి, అంచు అర అంగుళం వదలమనండి. లామినేషన్ అయ్యాక పొడిచిన చిల్లులోంచి నీరు దిగి ఒక్క వానాకాలంలో అట్ట ఉబ్బిపోతుంది. గోడకు అంటించకుండా వేలాడదీస్తే చెదలు పట్టవు. అక్షరాలు రెండు బారల దూరం నుంచి కనబడాలి, 36 పాయింట్లకు తగ్గకూడదు.

కత్తిరింపులకు మాత్రం ఏ అచ్చూ చాలదు. కొబ్బరి నీడలో తీసిన ఫోటోలో అంతా పచ్చదనమే, నిటారుగా లేచే ఏ నీటి కొమ్మ తీయాలో తెలియదు. చెప్పే మనిషి తిప్పి చూపించే గీత బొమ్మల అట్టల పుస్తకం, ఆ వెంటనే చెట్టు దగ్గర కత్తెర పట్టడం, ఈ రెండూ కలిస్తేనే పని. ఫ్లెక్సీ ఊరంతటికీ సభ ఉందని చెప్పడానికి పనికొస్తుంది. వాట్సాప్ బొమ్మలు ఆసామి ఫోన్లోనే ఉండిపోతాయి.

ఏది వేయించినా, వెయ్యి ప్రతులకు ముందు ఐదు ప్రతులు తీయించండి. కాయలు కొట్టే అక్కల చేతికిచ్చి, ఏమీ వివరించకుండా, "ఇందులో ఏం చేయమన్నారమ్మా?" అని అడగండి. పురుగు బొమ్మను పెద్దది చేసి వేశారనుకోండి, "ఇంత పురుగు మా తోటలో లేదు" అంటారు. అప్పుడు పక్కనే అసలు సైజు బొమ్మ కూడా పెట్టాలి. వాళ్లు తప్పు చదివిన ప్రతి బొమ్మా మార్చాకే ప్రెస్సుకు సరేననండి.