గనా, గుహా: తాటిపూడి వైపు నుంచి చూస్తే

గంట్యాడ మండలంలోని తాటిపూడి జలాశయానికి నీళ్లిచ్చే గోస్తనీ నది పైన అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల దగ్గర పుడుతుంది. అందుకే అక్కడ ఏ వ్యాపారం నడిచినా మన విజయనగరం జిల్లాకు పట్టింపే.

అక్కడి రెండు వ్యాపారాల్లో మొదటిది కాల్సైట్ తవ్వకం, అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజాన్ని తీయడం. రంగులకూ రబ్బరుకూ ఆ పొడి కావాలి, కాదనలేం. కానీ సున్నపురాయిని పేలిస్తే లోపలి నీటి దారులు మారిపోవచ్చు. గుహ కూలితే అందులోని జీవులకు వేరే చోటు ఉండదు, మళ్లీ కట్టివ్వలేం. ఇక్కడి గిరిజన భూముల్లో ప్రైవేటు గనుల లీజులు చెల్లవని 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

రెండోది పర్యాటకం. టికెట్లు, జీపులు, బొంగు చికెన్ బండ్లు అన్నీ గుహ బాగుంటేనే బతుకుతాయి. అలాగని ఇది అమాయకపు వ్యాపారమేమీ కాదు. గుహలో రాత్రింబవళ్లు లైట్లు వేస్తే, ఆ వెలుగు పడే రాళ్ల మీద పచ్చటి నాచు పడుతుంది. అరుపులకు గబ్బిలాలు బెదిరి వెళ్లిపోతాయి. వాటి రెట్టే గుహలోని చిన్న పురుగులకు తిండి. పొలాల మీద పురుగుల్ని ఏరుకు తినేదీ ఆ గబ్బిలాలే, రైతుకు మందు ఖర్చు కొంత తగ్గేది అక్కడే.

ఇక మురుగు. మట్టి వడకట్టే నేలల్లో కొంత మాలిన్యం ఆగిపోతుంది. సున్నపురాయి పగుళ్లలో పడ్డ మురుగు మాత్రం జల్లెడలో పోసిన నీరే, నేరుగా ఊటలోకి దిగుతుంది. కాబట్టి నా ఓటు పర్యాటకానికే, అదీ హోటళ్లు సెప్టిక్ ట్యాంకులు సరిగ్గా కట్టి, గుహలో లైట్లు తగ్గిస్తేనే.