పద్మిని పాత ట్యాంకు: కడిగి వాడాలా, పూత వేయించాలా, కొత్తది కట్టించాలా?

ఏళ్ల తరబడి షెడ్డులో ఉండిపోయిన ప్రీమియర్ పద్మిని కారును మళ్లీ కదిలిద్దామనుకునేవాళ్లు ఎక్కువగా అడిగేది పెట్రోలు ట్యాంకు గురించే. అడగాల్సిన ప్రశ్నే. ఆ 1089 సీసీ ఇంజిన్ మొండిది. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కాస్త నూనె పోసి రెండు రోజులు నానబెడితే చాలాసార్లు తిరుగుతుంది. ట్యాంకులో తుప్పు మిగిలితే మాత్రం కార్బొరేటరు ఎన్నిసార్లు శుభ్రం చేయించినా ఫలితం ఉండదు.

ఇంజిన్ సంగతి తేలకుండా ట్యాంకు మీద ఖర్చు పెట్టకండి. రెండు లీటర్ల డబ్బాలో కొత్త పెట్రోలు పోసి, ఇంజిన్‌కు దూరంగా పెట్టి, పంపుకు గొట్టం కలిపి చూడండి. అది పరీక్షకే, రోడ్డు మీదికి కాదు.

ఇక అసలు విషయం. నా మొగ్గు పాత ట్యాంకును కడిగి వాడటం వైపే. అయితే కడగడంలోనే ఎక్కువ ట్యాంకులు పాడవుతున్నాయి. తొందరపడి బాత్రూము యాసిడ్ పోస్తారు. అది తుప్పుతో పాటు మంచి రేకునూ, అతుకుల దగ్గరి మాటునూ తినేస్తుంది. కడిగిన కాసేపటికే పసుపు తుప్పు మళ్లీ పట్టేస్తుంది. కాస్టిక్ సోడా కూడా వద్దు. ఆ కాలపు చాలా ట్యాంకుల రేకుకు సీసం, తగరం కలిసిన పూత ఉండేది; కాస్టిక్ ఆ పూతనే కరిగిస్తుంది.

ముందు ఫ్లోటు యూనిట్ (పెట్రోలు మట్టం చూపే భాగం) విప్పి పక్కన పెట్టండి. రెండు లీటర్ల థిన్నర్ పోసి, ట్యాంకును అన్ని వైపులకూ తిప్పి, ఒక పూట ఉంచి వంపేయండి. పాత పెట్రోలు మిగిల్చిన జిగురు దీనికే కరుగుతుంది. జిగురు పోకపోతే దాని కిందున్న తుప్పును ఏ ఆమ్లమూ తాకలేదు. తర్వాత వేడినీళ్లు, బట్టల సబ్బు పొడితో రెండుసార్లు కడగాలి. తుప్పు రాలడానికి కొందరు నట్లు, కంకర వేస్తారు. అవి లోపలి అడ్డరేకుల మధ్య చిక్కుకుని బయటికి రావు. ఒక చివర బయట కట్టేసిన సన్న గొలుసు వేసి ఊపితే చాలు.

ఆ తర్వాత నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్): లీటరు వేడినీటికి 50 గ్రాములు, అంటే 40 లీటర్లకు 2 కిలోలు. మూతి దాకా నింపాలి. పెట్రోలు తగలని పైరేకుకే తుప్పు ఎక్కువ పడుతుంది, సగం నింపితే అది అలాగే మిగులుతుంది. మూత బిగించొద్దు, దగ్గర నిప్పు ఉండొద్దు. లోపల హైడ్రోజన్ పుడుతుంది. 12 గంటలకు ఒకసారి చూడండి, 24 గంటలు దాటనివ్వకండి. వంపేశాక వంటసోడా నీళ్లు, మంచినీళ్లు, వెంటనే వేడిగాలితో ఆరబెట్టడం. ఆరి చల్లారిన మరుక్షణం 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్ల నూనె) కలిపిన అర లీటరు పెట్రోలు పోసి లోపలంతా తిప్పాలి.

నిర్ణయం చేయాల్సింది ఈ మధ్యలో, ఆరాక, పెట్రోలు పోసేముందు. చీకట్లో చిన్న ఎల్‌ఈడీ దీపాన్ని మూతిలోంచి దించి బయటి నుంచి చూడండి. ఎక్కడెక్కడ చుక్కల్లా వెలుగు వస్తుందో అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. ఆ చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో నొక్కండి; రేకు లొంగితే అది పోయినట్టే. నాలుగైదు చిల్లులే ఉండి చుట్టూ రేకు గట్టిగా ఉంటే తగరం మాటు సరిపోతుంది. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరి వల్ల. అందుకే మళ్లీ సబ్బునీళ్లతో కడిగి, మాటు వేసే చోటికి కాస్త కింది దాకా నీళ్లు నింపి, దూరంగా కాల్చిన బరువైన రాగి సోల్డరింగ్ ఐరన్‌తో పని చేయించండి. గ్యాస్ మంట పెట్టనివ్వకండి.

లోపలి పూత విషయంలో నాకు అభ్యంతరం ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రకం ఎపాక్సీ పూతలు చాలా దానికి మెత్తబడి పొరలుగా లేస్తాయి. లక్షణం ఇలా ఉంటుంది: బండి వేగంలో ఆగిపోతుంది, పది నిమిషాలాగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. లేచిన పొర, ట్యాంకులోంచి పెట్రోలు పీల్చే గొట్టం మూతికి అతుక్కుని, ఇంజిన్ ఆగాక జారిపోవడమే కారణం. ఒకసారి పూసింది తీయడం నరకం, అసలు రేకు మళ్లీ కనబడదు. తప్పనిసరైతే ఇథనాల్‌కు తట్టుకుంటుందని డబ్బా మీద స్పష్టంగా రాసినదే వాడండి. పూసేటప్పుడు పీల్చే గొట్టంలోంచి కంప్రెసర్ గాలి వదులుతూ ఉండండి, లేకపోతే అదీ మూసుకుపోతుంది.

రేకు జల్లెడైపోతే పూత కన్నా కొత్త ట్యాంకే మేలు. పాతదాన్ని నూనె రాసి అటక మీద దాచితే అసలుతనం పోదు, ఎప్పుడైనా వెనక్కి పెట్టుకోవచ్చు. జీఐ రేకుతో (జింకు పూత ఉన్న ఇనుప రేకు) మాత్రం కట్టించొద్దు. అందులోని జింకు తేమ చేరిన పెట్రోలుకు తెల్లపొడిగా మారి కార్బొరేటరు జెట్లలో (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాల్లో) చేరుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్, టిగ్ వెల్డింగ్ అడగండి. లోపలి అడ్డరేకులు, గాలి గొట్టం, ఫ్లోటు కూర్చునే చోటు పాతదాని కొలతలకే ఉండాలి. పీల్చే గొట్టం అడుగుకు 10 మి.మీ. పైన ఆగాలి, నీళ్లు అడుగునే చేరతాయి కాబట్టి.

ఏది ఎంచుకున్నా రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్‌కు పనికొచ్చేవిగా మార్చండి, పంపులోని డయాఫ్రం (సాగే పొర) కూడా. పంపుకు ముందు పారదర్శకమైన ఫిల్టరు పెట్టి మొదటి వంద కిలోమీటర్లకే మార్చేయండి. అందులో ఎర్రపొడి కనిపిస్తే ట్యాంకు మళ్లీ దించాల్సిందే.