పిక్సెల్ లైటింగ్ సెట్ కొంటున్నారా? బ్యాలెన్స్ కట్టే ముందు ఇది చదవండి

ఒంగోలు, సింగరాయకొండ, కందుకూరు, కావలి వైపు చర్చికో, గుడికో, తిరునాళ్లకో పిక్సెల్ లైటింగ్ (ఒక్కో బల్బు రంగునీ విడిగా మార్చగలిగే లైట్లు) కొనాలని చూస్తున్న వాళ్ల కోసం రాస్తున్నాను. అమ్మేవాళ్లు టేబుల్ మీద 50 బల్బుల తీగ ఒకటి వెలిగించి చూపించి అడ్వాన్స్ తీసుకుంటున్నారు. ఆ 50 బల్బులు ఎవరు అమ్మినా బాగానే వెలుగుతాయి. ఇబ్బందులన్నీ మన దగ్గర 1,000 బల్బులు బిగించాక బయటపడతాయి. అప్పటికి మన డబ్బు వాళ్ల చేతిలో ఉంటుంది. మాకు సరిగ్గా అదే జరిగింది.

మాది టంగుటూరు దగ్గర పల్లె. మందిరానికి 25 ఏళ్లు నిండాయని ఈసారి క్రిస్మస్‌కి మంచి లైటింగ్ పెట్టుకుందామని సంఘమంతా చందాలు వేసుకున్నాం. పొగాకు గ్రేడింగుకు వెళ్లే అక్కలు వారం కూలిలోంచి వందా రెండొందలు ఇచ్చారు. ఒక అవ్వ కొంగు ముడి విప్పి, నలిగిపోయిన 50 రూపాయల నోటు నా చేతిలో పెట్టి "స్టార్ పెద్దది పెట్టించు నాయనా" అంది. లెక్కలు రాసేది నేనే కాబట్టి ఈ డబ్బుకి జవాబు చెప్పాల్సింది కూడా నేనే. అందుకే ఏదీ దాచకుండా రాస్తున్నాను.

ఫోన్లో వీడియోలు చూసి ఒక లైటింగ్ వ్యాపారితో మాట్లాడాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయను. గోపురం మీద స్టార్‌కి 300 బల్బులు, గేటు ఆర్చికి 400, అక్షరాల బోర్డుకి 500, మొత్తం 1,200. బిగింపుతో కలిపి 48,000 రూపాయలు. అందులో 6,000 'సాఫ్ట్‌వేర్ ఛార్జీ' అని వాట్సాప్ కొటేషన్‌లో రాశాడు. 35,000 అడ్వాన్స్ ఇచ్చాం. బిల్లు అడిగితే పని అయ్యాక ఇస్తానన్నాడు. ఆ ఒక్క మాట దగ్గరే మేం ఆగి ఉండాల్సింది.

డిసెంబరు 18న బిగించారు. సాయంత్రం స్విచ్ వేస్తే గేటు కుడి కాలు కింద చివరి 20 బల్బులు వెలగలేదు. బల్బు పోయిందన్నాడు. ఆ మాట నమ్మేలాగే ఉంటుంది, ఎందుకంటే ఈ డబ్ల్యూఎస్2811 రకం బల్బులు ఏ రంగు వెలగాలో చెప్పే డేటాను ఒకదాని నుంచి ఒకటి అందుకుంటాయి. ప్రతి బల్బు తన వంతు తీసుకుని మిగతాది వెనకవాటికి పంపుతుంది. మధ్యలో ఒకటి చచ్చిపోతే దాని తర్వాతవన్నీ ఆగిపోతాయి. ఆ బల్బు మార్చారు, వెలగలేదు. మళ్లీ మార్చారు. మూడోసారి కూడా అంతే. చీకటి పడిందని మిగతాది రేపు చూస్తామని వెళ్లిపోయారు.

మా అక్క కొడుకు ఒంగోలులో డిప్లొమా చదువుతున్నాడు. వాడు వచ్చి కాసేపు చూసి "మామా, వెలిగేవి ఎన్నో లెక్కపెట్టావా?" అన్నాడు. ఇద్దరం నిచ్చెన మీద ఒకరు, కింద ఒకరు నిలబడి స్టార్ నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాం. 680 దగ్గర ఆగింది. ఆ ఆరిపోయిన 20 తీసి లైను మొదట్లో కలిపితే ఆ ఇరవై వెలిగాయి. బల్బుల్లో ఏ లోపమూ లేదు.

కంప్యూటర్ నుంచి కంట్రోలర్‌కి, అంటే బల్బులను నడిపించే చిన్న బోర్డుకి, డేటా 'యూనివర్స్' అనే కట్టలుగా వెళ్తుంది. ఒక్కో కట్టలో 512 ఛానళ్లు. ఒక్కో బల్బుకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి 3 ఛానళ్లు కావాలి. అంటే ఒక కట్టకి 170 బల్బులు. వాడిచ్చిన కంట్రోలర్ 4 కట్టలే తీసుకుంటుంది. నాలుగు నూట డెబ్బైలు 680. స్టార్, గేటు కలిపి మాకు 700. ఐదో కట్ట తీసుకోలేని కంట్రోలర్ మాకు అంటగట్టి, బల్బులు మారుస్తూ కూర్చున్నాడు. మీరు కొనేటప్పుడు మీ బల్బుల సంఖ్యను 170తో భాగించి, వచ్చినదాన్ని పై అంకెకు సరిచేసి, అన్ని యూనివర్స్‌లు ఈ కంట్రోలర్ తీసుకుంటుందా అని అడగండి. జవాబు కొటేషన్ మీద రాయించుకోండి. ఆ ప్రశ్నకి వాడు తడబడితే అతనికి పని రాదని అర్థం చేసుకోవచ్చు.

ఆ రాత్రే ఇంకోటి కనిపించింది. తెలుపు రంగు పెడితే స్టార్ తెల్లగానే ఉంది కానీ గేటు దగ్గరికి వచ్చేసరికి పసుపు, చివర్లో ఎర్రటి కాషాయం. మా ఊరి ఎలక్ట్రీషియన్ బాబాయ్ మీటరు తెచ్చి పెట్టాడు. ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటును బల్బులకి కావాల్సిన తక్కువ వోల్టులకి మార్చే పెట్టె) దగ్గర 5.1 వోల్టులు. గేటు మొదట్లో 3.9. చివరి బల్బు దగ్గర 3.1. వోల్టేజీ పడిపోతే ముందు నీలం, ఆకుపచ్చ నీరసిస్తాయి, తక్కువ వోల్టుకే వెలిగే ఎరుపు మిగులుతుంది. తెలుపు పాలిపోయి ఎర్రబడిందంటే వైరు చాలడం లేదని అర్థం.

ఈ లెక్క ప్రతి కొనుగోలుదారుడికీ తెలియాలి. 0.75 స్క్వేర్ ఎంఎం రాగి వైరు మీటరుకు సుమారు 0.025 ఓం నిరోధం ఇస్తుంది. 10 మీటర్ల దూరమంటే ప్లస్, మైనస్ కలిపి 20 మీటర్ల వైరు. దాంట్లో 3 ఆంపియర్లు పోతే ఒకటిన్నర వోల్టు వైరులోనే కరిగిపోతుంది. 12 వోల్టుల సెట్‌లో అది పెద్ద నష్టం కాదు. 5 వోల్టుల సెట్‌లో అది దాదాపు మూడో వంతు. దూరం ఎక్కువ ఉన్నచోట 12 వోల్టుల బల్బులు తీసుకోవాలి, లేదా ఎస్ఎంపీఎస్‌ను బల్బుల దగ్గరికే తీసుకెళ్లి ప్రతి 50, 100 బల్బులకి విడిగా కరెంటు అందించాలి. వాడు 1,200 బల్బులకి ఒకటే ఎస్ఎంపీఎస్ వరండాలో పెట్టి, అక్కడి నుంచి సన్న వైరు లాగేశాడు. ఆ ఎస్ఎంపీఎస్ లేబుల్ మీద 60 ఆంపియర్లని ఉంది. పూర్తి తెలుపులో ఒక్కో 5 వోల్టుల బల్బు 55 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. 1,200 బల్బులకి అది 66. లేబుల్ నిజమే అనుకున్నా చాలదు. పైగా ఎస్ఎంపీఎస్‌ను లేబుల్‌లో 80 శాతానికి మించి నడపకూడదు.

ఇక్కడిదాకా పోయింది డబ్బు, సమయం. ఇప్పుడు రాసేది మాత్రం దయచేసి నిదానంగా చదవండి.

20న సెమీ క్రిస్మస్. మధ్యాహ్నం ఒక జల్లు పడింది. వరండాలో ఉన్న ఎస్ఎంపీఎస్ మీద వాడు ప్లాస్టిక్ బకెట్ బోర్లించి పోయాడు. అదే దానికి రక్షణ. సాయంత్రం పిల్లలు డ్యాన్సులకి రెడీ అయి గేటు దగ్గర ఆడుకుంటున్నారు. రెండో తరగతి చదివే పాప చెప్పుల్లేకుండా ఇనప గేటు పట్టుకుని, చెయ్యి లాగేసుకుని నా దగ్గరికొచ్చి "అన్నా, గేటు జిల్లంటంది" అంది. ముందు నాకు అర్థం కాలేదు. పాప అరచెయ్యి చూపిస్తూ మళ్లీ అదే మాట అంది. బాబాయ్ టెస్టర్ పెడితే గేటు మీద ఎర్రగా వెలిగింది. పరిగెత్తుకెళ్లి మెయిన్ ఆపేశాం. నా చేతులు వణికాయి. ఇప్పుడు రాస్తుంటే కూడా ఆ పాప తడి కాళ్లే కళ్ల ముందుకొస్తున్నాయి.

బాబాయ్ మూత విప్పి చూశాడు. ఎస్ఎంపీఎస్‌కి ఫేజు, న్యూట్రల్ మాత్రమే కలిపారు, ఎర్త్ స్క్రూ ఖాళీగా ఉంది. ఎర్త్ లేకపోతే ఈ పెట్టెల లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల ద్వారా కొద్దిగా కరెంటు బయటి డబ్బాకి, దానికి తగిలిన ఇనుముకీ వస్తుంది. పొడిగా ఉన్నప్పుడు జిల్లుమని ఊరుకోవచ్చు. చిల్లుల డబ్బాలోకి వాన నీళ్లు పోతే అదే ప్రాణం మీదికి వస్తుంది. మన కోస్తాకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడే కాలమే. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కూడా డిసెంబరు 5నే. క్రిస్మస్ లైటింగ్ అమ్మేవాడికి ఇది తెలియదంటే ఎలా ఒప్పుకుంటాం? ఎర్త్ కలపాలి, ముందు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టాలి, ఎస్ఎంపీఎస్‌ను మూత ఉన్న వాటర్‌ప్రూఫ్ పెట్టెలో నేల నుంచి పైకి బిగించాలి. బల్బులు ఐపీ67 (దుమ్ము, నీళ్లు లోపలికి పోనివి) అని చెబితే చాలదు, ఆ పెట్టె సంగతేంటో అడగాలి. వీటికయ్యే ఖర్చు చందా పుస్తకంలో ఒక్క పేజీ కూడా కాదు.

ఫోన్ చేసి గట్టిగా అడిగితే మరుసటి రోజు మనిషిని పంపాడు. ఎర్త్ కలిపి, వెలుగు సగానికి తగ్గించి, ఇంక బాగానే ఉంటుందని పోయాడు. రాత్రిపూట సగం వెలుగు నిజంగానే సరిపోతుంది. ఆ మాట ముందే చెప్పి ఉంటే నమ్మకం ఉండేది.

24 రాత్రి ఆరాధనకి ఐదొందల మంది వచ్చారు. ఆఫీసు గదిలోని ల్యాప్‌టాప్ నుంచి వైఫై మీద కంట్రోలర్‌కి పాటకు తగ్గ లైటింగ్ పంపే ఏర్పాటు. పగలు ఖాళీ ఆవరణలో చూసినప్పుడు చక్కగా ఆడింది. జనం నిండాక తడబడడం మొదలైంది. ఈ చిన్న కంట్రోలర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పనిచేస్తాయి. ఆ సిగ్నల్‌ని మనుషుల శరీరాలు బాగా పీల్చేసుకుంటాయి. అందరి ఫోన్లూ అదే గాలిలో పోటీ. ఇది చాలనట్టు పావు తక్కువ పన్నెండుకి కరెంటు ఒక్క నిమిషం పోయి వచ్చింది. రూటర్ మళ్లీ లేచి కంట్రోలర్‌కి వేరే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఇచ్చింది. పంపే కట్టలు ఎవరికీ చేరలేదు. సరిగ్గా 12కి పాట ఎత్తుకున్నారు, అందరూ తలెత్తి పైకి చూశారు, స్టార్ నీలం రంగులో బిగుసుకుపోయి ఉంది. ఆ 50 రూపాయలిచ్చిన అవ్వ ముందు వరసలో నిలబడి చూస్తోంది.

27న అక్షరాల బోర్డులో 'హ్యాపీ క్రిస్మస్' తీసి నూతన సంవత్సర శుభాకాంక్షలు పెట్టమంటే 2,500 అడిగాడు. ఆ బోర్డు ఎస్‌డీ కార్డు కంట్రోలర్ మీద నడుస్తుంది. కార్డులో ఉండేది తయారైన ఫైలు మాత్రమే, దాన్ని మార్చలేం. మార్చాలంటే అసలు ప్రాజెక్టు ఫైలు కావాలి. అది "మా ఆఫీసులోనే ఉంటది, బయటికియ్యం" అన్నాడు. సంక్రాంతికి మళ్లీ ఇంకో 2,500 అన్నమాట. డబ్బు పెట్టి కొన్న వస్తువులో అక్షరాలు మార్చుకునే హక్కు కూడా మనకి ఉండదు. బ్యాలెన్స్ కట్టే ముందే ప్రాజెక్టు ఫైలు, కంట్రోలర్ పాస్‌వర్డ్, కంట్రోలర్‌లో ఏ పోర్టుకి (బల్బుల వైరు తగిలించే చోటు) ఎన్ని బల్బులో రాసిన కాగితం మీ చేతికి రావాలి.

ఆ 6,000 సాఫ్ట్‌వేర్ ఛార్జీ సంగతి చెప్పాలి. వాడు ల్యాప్‌టాప్‌లో ఎక్కించింది ఎక్స్‌లైట్స్ అనే లైటింగ్ సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. సెట్టింగ్ చేసినందుకు కూలి అంటే ఇస్తాం, కష్టపడితే ఇవ్వాలి కూడా. సాఫ్ట్‌వేర్ ధర అని రాసి తీసుకోవడం మాత్రం మోసమే.

జనవరిలో నేను, మేనల్లుడు ఒంగోలులో పినాకిని రైలెక్కి, ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లాం. ఈథర్‌నెట్ సాకెట్ (నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే చోటు) ఉన్న ఈఎస్‌పీ32 రకం కంట్రోలర్ తెచ్చుకున్నాం. దాంట్లో బల్బులను నడిపించే డబ్ల్యూఎల్ఈడీ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాం, అదీ ఉచితమే. మొదట దాని పాస్‌వర్డ్ మార్చాం, ఎందుకంటే కొత్తగా ఎక్కించినప్పుడు ఎక్కడైనా ఒకటే పాస్‌వర్డ్ ఉంటుంది. ఐపీ అడ్రస్ మారకుండా స్థిరంగా పెట్టి, వైఫై వదిలేసి 40 మీటర్ల క్యాట్6 కేబుల్ లాగాం. ఆ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. కంట్రోలర్ నుంచి వచ్చే 3.3 వోల్టుల సిగ్నల్ 5 వోల్టుల బల్బులకి ఒక్కోసారి చాలక మిణుకుమిణుకుమంటాయి కాబట్టి ఆ సిగ్నల్‌ని 5 వోల్టులకి పెంచే లెవెల్ షిఫ్టర్ ఉన్న బోర్డే తీసుకున్నాం. స్టార్‌కి ఒక ఎస్ఎంపీఎస్, బోర్డుకి ఒకటి విడిగా పెట్టి, మైనస్‌లు మాత్రం కలిపి, ప్లస్‌లు వేరుగా ఉంచాం. తర్వాత పూర్తి తెలుపులో గంటసేపు వెలిగించి చివరి బల్బు దగ్గర మీటరు పెట్టాం. 4.7 వచ్చింది. ఎస్ఎంపీఎస్ పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాం, గోరువెచ్చగా ఉంది. ఈ గంట పరీక్ష అమ్మేవాడి చేతే, మీ స్థలంలోనే, మీ బల్బులన్నిటితో చేయించండి. ఫోన్లో రీల్స్ వీడియోలు ఎన్ని చూపించినా దీనికి బదులు కాదు.

డబ్బు విషయానికొస్తే, బ్యాలెన్స్ 13,000 ఇవ్వలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసుకి 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. బిల్లు లేకపోయినా వాట్సాప్ కొటేషన్, యూపీఐ చెల్లింపు, మీటరు రీడింగు కనిపించేలా తీసిన ఫొటోలు దాచి ఉంచాం. మీరు ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఏ చాటింగూ డిలీట్ చేయకండి, ఫోన్లో మాట్లాడినది కూడా వెంటనే మెసేజ్‌గా రాసి పంపించి పెట్టుకోండి.

ఇప్పుడు స్టార్, బోర్డు నడుస్తున్నాయి. గేటు ఆర్చి మాత్రం విప్పి అట్టపెట్టెలో పెట్టాం. గేటుకి విడిగా ఎర్త్ పిట్ తవ్వించి, బాబాయ్ మీటరు పెట్టి సరే అన్నాకే అది మళ్లీ పైకెక్కుతుంది.