జిరాక్స్ షాపులో ఆల్పైన్ లినక్స్: ఏడు నెలలు వాడాక

తిరుపతి బాలాజీ కాలనీలో మా అక్క జిరాక్స్ షాపు. అక్కడ 2 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి మూలన పడి ఉంటే, ఆల్పైన్ లినక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ప్రింట్ సర్వర్‌గా (ప్రింట్లను అందుకుని ప్రింటర్‌కి పంపే మెషిన్‌గా) మార్చాను. కనీస ఇన్‌స్టలేషన్‌కి డిస్కులో 130 ఎంబీ దాకా చాలు. తేలిక అన్న మాట అందరూ చెప్పేదే. నన్ను కట్టిపడేసింది మాత్రం అది సర్వీసులను, అంటే వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రాములను, నడిపే తీరు.

చాలా లినక్స్‌లలో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ఇందులో ఉండదు, ఆ పని జెంటూ అనే మరో లినక్స్‌లో పుట్టిన ఓపెన్‌ఆర్‌సీ చూసుకుంటుంది. ప్రతి సర్వీసుకీ ఈటీసీ కింద ఇనిట్.డీ ఫోల్డర్‌లో ఒక షెల్ స్క్రిప్టు (కమాండ్లు రాసి ఉన్న ఫైలు) ఉంటుంది. తెరిచి చదువుకోవచ్చు.

మొదట్లోనే ఒక దెబ్బ తిన్నాను. ప్రింటింగ్ చూసుకునే కప్స్ ఇన్‌స్టాల్ చేసి 'ఆర్‌సీ-సర్వీస్ కప్స్‌డీ స్టార్ట్' కొట్టాను (కప్స్‌డీ దాని సర్వీసు పేరు). ప్రింట్లు పడ్డాయి, పని అయిపోయిందనుకున్నా. వారం తిరక్కుండా ఒక రాత్రి గాలివానకి కరెంటు పోయింది. పొద్దున్నే అక్క ఫోను: "రేయ్, ఒక కాగితం గూడా రాలా. హాల్ టికెట్లకని పిలకాయలంతా నిలబడుండారు." టెన్షన్‌తో ఇంటి నుంచే ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి మెషిన్‌లోకి వెళ్లే దారి) లాగినై 'ఆర్‌సీ-స్టేటస్' చూస్తే, డిఫాల్ట్ రన్‌లెవల్ (మెషిన్ ఆన్ కాగానే నడవాల్సిన సర్వీసుల జాబితా) కింద కప్స్‌డీ పేరే లేదు.

స్టార్ట్ అంటే ఇప్పుడు నడపమని మాత్రమే. మెషిన్ ఆన్ అయిన ప్రతిసారీ నడవాలంటే 'ఆర్‌సీ-అప్‌డేట్ యాడ్ కప్స్‌డీ డిఫాల్ట్' అని విడిగా చెప్పాలి. సిస్టమ్‌డీలోనూ ఈ తేడా ఉంది. ఇక్కడైతే ఆ కమాండ్ చేసేదల్లా రన్‌లెవల్స్ ఫోల్డర్‌లో, డిఫాల్ట్ లోపల ఒక సింబాలిక్ లింకు (సర్వీసు స్క్రిప్టును చూపే షార్ట్‌కట్ లాంటిది) పెట్టడమే. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కొడితే కనిపిస్తుంది. ఆ లింకును కళ్లారా చూశాక మళ్లీ ఎప్పుడూ మర్చిపోలేదు.

తర్వాత నా సొంత సర్వీసు ఒకటి రాశాను. పిల్లలు పంపిన పీడీఎఫ్‌లను ఒక ఫోల్డర్‌లోంచి తీసి ప్రింటుకి పంపే చిన్న స్క్రిప్టు అది. సర్వీసు ఫైలు పది లైన్లు దాటలేదు. ఏ సర్వీసు మీద ఆధారపడుతుందో చెప్పే డిపెండ్ ఫంక్షన్‌లో 'నీడ్ కప్స్‌డీ' అని రాశాను. ఒకరోజు ప్రింటర్ మొరాయిస్తే కప్స్‌ని ఆపాను, దాంతోపాటు నాదీ ఆగిపోయింది. కప్స్‌ని మళ్లీ స్టార్ట్ చేసినా నాది లేవలేదు. నీడ్ అంటే అది లేకుండా ఇది ఉండకూడదని. నాకు కావాల్సింది ముందు కప్స్, తర్వాత నాది అనే వరుస ఒక్కటే, అందుకు 'ఆఫ్టర్' సరిపోతుంది. మార్చాను, ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు.

లోపాలూ ఉన్నాయి. సిస్టమ్‌డీలో లాగ్‌లు చూపే జర్నల్‌సీటీఎల్ లాంటిది లేదు, వార్ లాగ్ మెసేజెస్ ఫైల్లో గ్రెప్‌తో వెతుక్కోవాలి. సర్వీసు మధ్యలో పడిపోతే దానంతటది లేవదు, స్క్రిప్టులో దాన్ని కనిపెట్టుకుని లేపే సూపర్‌వైజ్-డీమన్ పెట్టుకోవాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు ప్రింటర్ డ్రైవరు. ప్రోగ్రాములన్నీ ఆధారపడే మూల లైబ్రరీ ఆల్పైన్‌లో మసల్. షాపులో ఉన్న రెండో ప్రింటర్‌కి కంపెనీ ఇచ్చిన డ్రైవరేమో చాలా లినక్స్‌లు వాడే జీలిబ్‌సీ అనే వేరే లైబ్రరీ కోసం కట్టింది, ఎంత ప్రయత్నించినా నడవలేదు. మీరు వేయబోతుంటే ముందు ఇది చూసుకోండి.

ఇప్పుడు కరెంటు పోయొస్తే అక్క నాకు ఫోన్ చేయదు. తనే ఆర్‌సీ-స్టేటస్ కొట్టి, కప్స్‌డీ పక్కన పచ్చగా 'స్టార్టెడ్' కనిపించాకే షట్టర్ పూర్తిగా ఎత్తుతుంది.