అమ్మ కోసం కొన్న ‘నాసా పరుపు’: శ్రీకాకుళంలో ఆరు నెలల అనుభవం

సంక్రాంతి వెళ్లిన వారానికి మా అమ్మ పెరట్లో నూతి గట్టు దగ్గర జారిపడింది, తుంటి ఎముక విరిగింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేయించి శ్రీకాకుళం తీసుకువచ్చాక ఆమె రోజులో ఎక్కువ భాగం మంచం మీదే గడపవలసి వచ్చింది. ఇంట్లో ఉన్న దూది పరుపును ఏకించి ఏళ్లు గడిచాయి. నడుము కింద పల్లమై, అంచుల్లో ఉండలు కట్టింది. పదో రోజుకు ఆమె వెన్ను చివర రూపాయి బిళ్లంత మేర చర్మం ఎర్రబడింది. కట్టు మార్చడానికి వచ్చే నర్సమ్మ అక్కడ వేలితో నొక్కి చూసి, ఇది పుండు కాకముందే పరుపు మార్చమని గట్టిగా చెప్పారు.

ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న ఒక పరుపుల దుకాణానికి ఆ సాయంత్రమే వెళ్లాను. కొబ్బరి పీచు పరుపు చూపించారు. ఉద్దానం కొబ్బరి మీద పెరిగిన జిల్లా కనుక దానిమీద నాకు అభిమానమే గాని, మంచాన పడిన ఒంటికి అది మరీ గట్టిది. మామూలు ఫోమ్ పరుపు నొక్కితే స్ప్రింగులా ఎగిరి తిరిగి తోస్తోంది. మూడోది మెమరీ ఫోమ్. “అమ్మగారికైతే ఇదే పట్టుకెళ్లండి బాబూ, నాసా వాళ్ల పరుపు, వ్యోమగాములు దీనిమీదే పడుకుంటారు” అన్నారు దుకాణం పెద్దాయన.

ఆయన మాటలో సగం నిజం ఉంది. అంతరిక్ష కేంద్రంలో బరువు తెలియదు కనుక అక్కడివారికి పరుపుతో పని లేదు. గోడకు కట్టిన నిద్రసంచిలో దూరి పడుకుంటారు. ఈ ఫోమ్ మాత్రం నాసాలో పుట్టిందే. కాలిఫోర్నియాలోని ఏమ్స్ పరిశోధన కేంద్రం కోసం 1966లో చార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు దీనిని తయారుచేశారు. అంతకుముందు అపోలో నౌక భూమికి దిగాక అందులోని మనుషులను క్షేమంగా చేర్చుకునే ఏర్పాట్ల మీద పనిచేసిన మనిషి ఆయన. విమానం సీటులో కూర్చున్నవారికి ప్రమాద సమయంలో తగిలే దెబ్బను తగ్గించడం, గంటల తరబడి కూర్చున్నా ఒళ్లు నొప్పి పెట్టకుండా చూడడం ఈ ఫోమ్ నుంచి కోరుకున్న పనులు. 1980ల తొలినాళ్లలో నాసా ఈ పరిజ్ఞానాన్ని అందరికీ విడిచిపెట్టింది. స్వీడన్ సంస్థ ఒకటి దానిని పరుపుగా మలచి 1991లో అమ్మకానికి తెచ్చింది. నా దృష్టిలో వ్యోమగాముల కథకన్నా ఈ అసలు కథే కొనేవారికి ఎక్కువ పనికి వస్తుంది, ఎందుకంటే కదలలేక ఒకే చోట ఉండిపోయే శరీరం కోసమే దీనిని తయారుచేశారని అది చెబుతుంది.

దుకాణంలో అరచేతిని పరుపు మీద అదిమి తీశాను. ఐదు వేళ్ల గుర్తూ అచ్చుగుద్దినట్టు నిలిచింది. చిటికెన వేలి గుర్తు ముందు పూడింది, మణికట్టు దగ్గరి అరచేతి గుర్తు పూడేసరికి మనసులో ఎనిమిది లెక్కపెట్టాను. ఒంటి వేడికి ఈ ఫోమ్ మెత్తబడుతుంది, బరువు పడిన చోట నెమ్మదిగా దిగుతుంది. వెల్లకిలా పడుకున్న మనిషి బరువు వెన్ను చివర, మడమలు, భుజపుటెముకల వంటి కొద్ది చోట్లే ఎక్కువగా పడి, అక్కడి సన్నని రక్తనాళాలు అణగిపోయి చర్మానికి రక్తం అందక పడక పుండ్లు పడతాయి. ఆ చోట్లు కాస్త లోపలికి దిగితే చుట్టుపక్కల ఒళ్లంతా బరువును పంచుకుంటుంది.

కింద నాలుగు అంగుళాల గట్టి ఫోమ్, పైన రెండు అంగుళాల మెమరీ ఫోమ్ ఉన్న సింగిల్ పరుపుకు 14,500 రూపాయలు తీసుకున్నారు. ఇంటికి వచ్చాక జిప్పు తీసి స్కేలు పెట్టి కొలిస్తే పై పొర ఒక్క అంగుళమే ఉంది. నాకు చాలా బాధ కలిగింది. బిల్లు పట్టుకుని మళ్లీ వెళితే వాదించకుండా నాలుగో రోజుకు సరైనది పంపారు గాని, రోగి ఉన్న ఇంట్లో ఆ నాలుగు రోజులు తక్కువేమీ కావు. కొనేవారు దుకాణంలోనే జిప్పు తీయించి కొలవాలి. కొత్త ఫోమ్ వాసన పోవడానికి మరో రెండు రోజులు వసారాలో ఆరబెట్టాం.

పరుపు వేసిన తొమ్మిదో రోజుకు అమ్మ వెన్ను మీది ఎరుపు పోయింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టడం మేము మానలేదు. పరుపు ఒక్కటే చేసిందనను. కాని అంతకుముందూ తిప్పుతూనే ఉన్నాం, ఎరుపు పెరుగుతూనే ఉంది.

చలికాలం తెల్లవారుజామున ఫోమ్ కాస్త బిగుసుకుంటుంది, పడుకున్న కొద్దిసేపటికి సర్దుకుంటుంది. అసలు కష్టం వేసవిలో వచ్చింది. మే నెల ఉక్కలో ఒంటిని చుట్టుకున్న ఫోమ్ వేడిని వదలక అమ్మ వీపంతా చెమటతో తడిసేది. తడి దిగకుండా వేసిన రెక్సిన్ గుడ్డ ఆ బాధను పెంచింది. పైగా అది బిగుతుగా ఉంటే ఫోమ్‌ను దిగనివ్వదు, పెట్టిన డబ్బు దండగ అవుతుంది. చివరకు రెక్సిన్‌ను నడుము కింద మేరకే వదులుగా పరిచి, దానిమీద నాన్నగారి పాత పొందూరు ఖద్దరు పంచెను రెండు మడతలు వేశాం. ఉతికి ఉతికి మెత్తబడిన ఆ నేత చెమటను పీల్చుకుంది, అమ్మ నిద్రపోయింది.

ఇప్పుడు ఆమె వాకరు పట్టుకుని నడుస్తోంది. లేవడానికి మాత్రం ఈ పరుపు సాయం చేయదు. అంచు మీద చెయ్యి ఆనిస్తే దిగిపోతుంది, పక్కకు తిరగడానికీ బలం కావాలి. అందుకే పై పొర నాలుగు అంగుళాలున్నది కొనమని ముసలివారి ఇంటికి చెప్పను. మంచాన పడినవారికి రెండు అంగుళాల పొర మేలు, తిరుగుతూ పనిచేసుకునే మనిషికి మన ఉక్కలో దూది పరుపే హాయి. మేము పాత పరుపును ఏకించడానికి ఇచ్చాం. వచ్చే నెల అమ్మను దానిమీదికి మార్చి, దీనిని మా వీధి చివర పక్షవాతంతో మంచాన ఉన్న తాతగారికి ఇవ్వాలనుకుంటున్నాం.